అనేక వీడియో ఫైళ్ల మొత్తం నిడివి: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

ఒక ఫోల్డర్‌లో అరవై, డెబ్బై వీడియోలు ఉన్నప్పుడు అవన్నీ చూడటానికి ఎన్ని గంటలు పడుతుందన్న ప్రశ్న చాలా మామూలుది. పాఠాలు చదువుకునే విద్యార్థికి రోజుకు ఎంత సమయం కేటాయించాలో తేల్చుకోవడానికి ఆ లెక్క కావాలి. ఎడిటింగ్ చేసేవారికి చేతికొచ్చిన ఫుటేజీ ఎంతో ముందే తెలియాలి. సబ్‌టైటిళ్లు రాసేవారికీ మాటలను అక్షరీకరించేవారికీ పారితోషికం సాధారణంగా నిమిషాల లెక్కన ఉంటుంది కాబట్టి, వారికి ఆ అంకె నేరుగా డబ్బుకు సంబంధించిన విషయం. ఇందుకు పనికొచ్చే సాధనాలు చాలానే ఉన్నాయి, వాటిలో మంచివన్నీ ఉచితమే. అయితే ఒకే ఫోల్డర్‌ను రెండు సాధనాలకు ఇస్తే రెండు వేర్వేరు మొత్తాలు రావడం అరుదేమీ కాదు.

అందుకే ఏది సులువు అని అడగడానికి ముందు రెండు విషయాలు తేల్చుకోవాలని నా సలహా. మొదటిది, ఎంత తేడా వరకు మీ పనికి ఇబ్బంది ఉండదు అన్నది. రెండోది, నా దృష్టిలో మొదటిదానికంటే ముఖ్యమైనది: ఏదైనా ఫైల్ నిడివిని సాధనం చదవలేకపోతే ఆ సంగతి మీకు చెబుతుందా, లేక దాన్ని సున్నాగా లెక్కించి మౌనంగా మొత్తం చూపిస్తుందా? ఒక గంట వీడియో లెక్కలోంచి తప్పిపోయినా తెరమీది అంకె నిండుగానే కనిపిస్తుంది, చూసేవారికి అనుమానం కలగదు. నేను సాధనాలను ముఖ్యంగా ఈ రెండో ప్రశ్న ఆధారంగానే ఎంచుకుంటాను.

నిడివి ఫైల్‌లో ఎక్కడ ఉంటుంది?

నిడివి చెప్పే సాధనాలు సాధారణంగా వీడియోను మొదటి నుంచి చివరి వరకు నడిపించి చూడవు. చిత్రాన్ని, ధ్వనిని కలిపి ఉంచే కంటెయినర్ ఫార్మాట్‌లో నిడివిని రాసిపెట్టే చోటు ఒకటి ఉంటుంది, అవి దాన్ని చదువుతాయి. ఎంపీ4 ఫైల్‌లో ‘మూవ్’ అనే భాగంలో రెండు సంఖ్యలు పక్కపక్కనే ఉంటాయి. సెకనును ఎన్ని భాగాలుగా విభజించారో ఒకటి చెబితే, నిడివి అలాంటి ఎన్ని భాగాలో రెండోది చెబుతుంది. మొదటిది 1000, రెండోది 6,00,500 అయితే ఆ వీడియో 600.5 సెకన్లు, అంటే పది నిమిషాల అర సెకను. ఎంకేవీలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది, అక్కడ కొలమానం సాధారణంగా ఒక మిల్లీసెకను. పాత ఏవీఐ ఫైళ్లలో మొత్తం ఫ్రేముల సంఖ్య, ఒక్కో ఫ్రేముకు పట్టే మైక్రోసెకన్లు రాసి ఉంటాయి, వాటిని గుణించుకోవాలి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అలాంటి చోటు అసలు లేని ఫార్మాట్లలోనూ, చోటు ఉన్నా ఖాళీగా వదిలేసిన ఫైళ్లలోనూ. ప్రసారాల కోసం రూపొందిన ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో మొత్తం నిడివి అంటూ ఎక్కడా రాసి ఉండదు, కాబట్టి సాధనం మొదటి కాలముద్రను (డేటాతో పాటు రాసే సమయపు గుర్తును), చివరి కాలముద్రను చూసి వాటి తేడాను చెబుతుంది. ఆ కాలముద్ర 33 బిట్ల సంఖ్య, సెకనుకు 90,000 చొప్పున పెరుగుతుంది. అందువల్ల దాదాపు 26 గంటల 30 నిమిషాలకు ఒకసారి అది తిరిగి సున్నాకు చేరుతుంది. రికార్డింగ్ మధ్యలో ఆ మలుపు వచ్చినా, ప్రసారం తెగి మళ్లీ మొదలైనా, పై లెక్క తప్పిపోయే ప్రమాదం ఉంది. బ్రౌజర్‌లోనే రికార్డు చేసిన వెబ్‌ఎం ఫైళ్లది ఇంకో సమస్య. రాయడం మొదలుపెట్టినప్పుడు నిడివి ఎంతో తెలియదు, ముగిశాక వెనక్కి వెళ్లి నింపడం జరగదు, దాంతో ఆ చోటు చాలాసార్లు ఖాళీగా మిగిలిపోతుంది. సాధనాల మధ్య తేడాలకు ఎక్కువగా కారణం ఇలాంటి ఫైళ్లే.

ఫైల్ పరిమాణం చూసి నిడివిని అంచనా వేసే అలవాటు కొందరికి ఉంటుంది, దాన్ని మానుకోవడం మంచిది. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున రికార్డయిన గంట వీడియో 3.6 గిగాబైట్లు తూగుతుంది. అదే గంట 2 మెగాబిట్ల చొప్పున అయితే 900 మెగాబైట్లే. అన్ని ఫైళ్లూ ఒకే కెమెరాలో, ఒకే సెట్టింగ్‌తో తీసినవని తెలిస్తే తప్ప పరిమాణం ఏమీ చెప్పదు.

విండోస్ ఎక్స్‌ప్లోరర్: అన్నిటికంటే దగ్గరి దారి

విండోస్ వాడేవారు కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే ఈ పని ముగించవచ్చు. ఫోల్డర్ తెరిచి, కంట్రోల్, ఏ మీటలతో ఫైళ్లన్నీ ఎంచుకుని, ఆల్ట్, షిఫ్ట్, పి మీటలు కలిపి నొక్కితే పక్కన డీటెయిల్స్ పేన్ తెరుచుకుంటుంది. అందులో లెంగ్త్ అనే వరుసలో కనిపించేది ఎంచుకున్న ఫైళ్లన్నిటి నిడివి మొత్తం. విండోస్ వెర్షన్‌ను బట్టి ఈ పేన్ రూపం మారుతూ వచ్చింది కాబట్టి, అక్కడ కనిపించకపోతే ఎంచుకున్న ఫైళ్లపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ చూడాలి.

వీడియోలు ఒకే చోట కాకుండా అధ్యాయాల వారీగా ఉప ఫోల్డర్లలో ఉన్నప్పుడు చాలామంది ఒక్కొక్క ఫోల్డర్ తెరిచి అంకెలు కాగితం మీద రాసుకుంటారు. అంత శ్రమ అవసరం లేదు. పై ఫోల్డర్‌లో ఉండి, వెతుకు పెట్టెలో ‘కైండ్’ అన్న మాట, కోలన్ గుర్తు, ‘వీడియో’ అన్న మాట ఇంగ్లీషులో వరుసగా రాస్తే, లోపలి ఫోల్డర్లలోని వీడియోలన్నీ ఒకే జాబితాగా వస్తాయి. వాటన్నిటినీ ఎంచుకుంటే మొత్తం దొరుకుతుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే ఎక్స్‌ప్లోరర్ ఉపయోగం రెట్టింపవుతుంది.

అయితే ఎక్స్‌ప్లోరర్ నేను భయపడే కోవలోనే ఉంది. ఏదైనా ఫైల్ నిడివి దానికి అర్థం కాకపోతే, ఎర్ర గుర్తు గానీ హెచ్చరిక గానీ చూపించదు, మిగిలినవాటిని కూడి చూపిస్తుంది. ఎంకేవీ ఫైళ్లకు విండోస్ 10తోనే స్వంత మద్దతు వచ్చింది, అంతకు ముందు వెర్షన్లలో అదనపు సాఫ్ట్‌వేర్ లేకపోతే వాటి నిడివి ఖాళీగానే ఉంటుంది. దీనికి జాగ్రత్త సులభమే. ఫోల్డర్‌ను డీటెయిల్స్ వీక్షణలో పెట్టి, లెంగ్త్ కాలమ్‌ను చేర్చి, దాని శీర్షికపై క్లిక్ చేసి క్రమంలో అమర్చాలి. నిడివి లేని ఫైళ్లన్నీ ఒక కొసకు చేరుతాయి. అక్కడ ఖాళీ గడి ఒక్కటి కూడా లేదని చూసిన తరువాతే పేన్‌లోని మొత్తాన్ని నమ్మాలి. ఇందుకు పట్టేది పది సెకన్లు. చదువుకు ప్రణాళిక వేసుకునేవారికి ఈ పరిశీలనతో కూడిన ఎక్స్‌ప్లోరర్ చాలు, అంతకు మించిన సాధనం వెతకనక్కరలేదు.

వీఎల్‌సీ: ఏ కంప్యూటర్‌లోనైనా

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడిచే వీఎల్‌సీ ప్లేయర్ చాలామంది దగ్గర ముందే ఉంటుంది. విండోస్, లినక్స్ వెర్షన్లలో కంట్రోల్, ఎల్ నొక్కి ప్లేలిస్ట్ తెరిచి, ఫైళ్లను ఎంచుకుని అందులోకి లాగి వదిలితే, ప్లేలిస్ట్ అన్న పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో మొత్తం నిడివి కనిపిస్తుంది. ఆ అంకె ఒక్కసారిగా రాదు. వీఎల్‌సీ ఒక్కో ఫైల్‌ను తెరిచి చదువుతూ పోతుంటే నిమిషాలు, గంటలు పెరుగుతూ వస్తాయి, అన్నీ చదవడం అయ్యాక నిలిచిపోతుంది. కాబట్టి అంకె కదలకుండా ఆగేవరకు వేచి ఉండాలి, పెరుగుతుండగానే రాసుకోకూడదు.

వీఎల్‌సీకి విండోస్‌పై ఆధారపడని స్వంత డీకోడర్లు (వీడియో ఫార్మాట్లను చదివే భాగాలు) ఉండటం దీని బలం. ఎక్స్‌ప్లోరర్ ఖాళీగా వదిలిన చాలా ఫార్మాట్లను ఇది చదువుతుంది. ఫోల్డర్‌ను ఫోల్డర్‌గా కాకుండా లోపలి ఫైళ్లను నేరుగా వేయడం మంచిది, అప్పుడు ప్రతి ఫైల్ తన వరుసలో, తన నిడివితో కనిపిస్తుంది, నిడివి లేని వరుస కంటికి చిక్కుతుంది. వందల ఫైళ్లకు మాత్రం ఇది నెమ్మది. మొత్తాన్ని కాపీ చేసుకునే వీలు లేకపోవడం వల్ల పదే పదే లెక్కించేవారికి నేను దీన్ని సూచించను. ఎక్స్‌ప్లోరర్ చెప్పినదాన్ని రెండో కంటితో సరిచూసుకోవడానికైతే ఇంతకంటే సులువైనది లేదు.

మ్యాక్ వాడేవారి పరిస్థితి కొంచెం వేరు. ఫైండర్‌లో ఒక ఫైల్‌పై గెట్ ఇన్ఫో అడిగితే దాని నిడివి చెబుతుంది గానీ, పది ఫైళ్లు ఎంచుకున్నంత మాత్రాన కూడి చెప్పదు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో, మ్యాక్ వెతుకు వ్యవస్థ అయిన స్పాట్‌లైట్ సమాచారాన్ని చదివే ఎండీఎల్ఎస్ అనే ఆదేశం ద్వారా ప్రతి ఫైల్ సెకన్లు తెచ్చుకోవచ్చు. అయితే స్పాట్‌లైట్ సూచికలో లేని బయటి డ్రైవ్‌లకూ, ఎంకేవీ లాంటి ఫార్మాట్లకూ దాని మీద ఆధారపడలేం. టెర్మినల్ దాకా వచ్చినవారు అక్కడ ఆగకుండా, కింద చెప్పబోయే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌కే వెళ్లడం మేలు.

మీడియాఇన్ఫో, ఎగ్జిఫ్‌టూల్

మీడియాఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాంలోకి ఫోల్డర్‌ను లాగి వదిలితే ఫైళ్ల వివరాలు చెబుతుంది. షీట్ వీక్షణలో ఒక్కో ఫైల్‌కు ఒక్కో వరుస వస్తుంది. ఇది మొత్తాన్ని కూడదు. అయినా కంటెయినర్ నిడివిని, అందులోని వీడియో నిడివిని, ఆడియో నిడివిని వేర్వేరుగా చూపించడంలో దీనికి సాటి తక్కువ. ఒక ఫైల్ మీద అనుమానం వచ్చినప్పుడు నేను ముందు తెరిచేది ఇదే. దీని కమాండ్ లైన్ వెర్షన్‌ను నిడివి మాత్రమే అడిగితే మిల్లీసెకన్లలో ఇస్తుంది.

ఎగ్జిఫ్‌టూల్ ఫొటోల సమాచారం చదవడానికి పేరు పొందినదే అయినా వీడియోల నిడివినీ చదువుతుంది, ఉప ఫోల్డర్లలోకీ దిగుతుంది, కూడిక కూడా తానే చేసేలా ఒక్క ఆదేశం రాయవచ్చు. ఫొటోల పనికి దాన్ని ఇప్పటికే వాడుతున్నవారికి తప్ప, ఇందుకోసమే నేర్చుకోవాల్సిన పని లేదు.

ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్: అంకె మీద డబ్బు ఆధారపడినప్పుడు

వీడియోలను మార్చే ఉచిత ప్రోగ్రాం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పాటు వచ్చే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌కు బొమ్మలు, బటన్లు ఉండవు, టైపు చేసిన ఆదేశంతోనే పని చేస్తుంది. ఆ ఒక్క అడ్డంకి దాటితే మిగిలిన విషయాల్లో ఇదే ముందుంటుంది. ఒక వీడియో ఇచ్చి నిడివి మాత్రమే చెప్పమంటే, 3527.466667 లాంటి ఒకే సంఖ్య ఇస్తుంది. దాన్ని 58 నిమిషాల 47 సెకన్లుగా చదవవచ్చు. దశాంశం తరువాతి భాగానికీ అర్థం ఉంది: సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే ఆ 0.466667 సరిగ్గా 14 ఫ్రేములు. ఎక్స్‌ప్లోరర్ కాలమ్‌లో కనిపించని ఈ ముక్క ఇక్కడ కళ్లెదుటే ఉంటుంది.

ఫోల్డర్‌లోని ప్రతి ఫైల్‌కూ ఈ ఆదేశాన్ని వరుసగా ఇచ్చి, వచ్చిన సంఖ్యలను కూడే నాలుగైదు పంక్తుల స్క్రిప్ట్‌ను షెల్‌లో గానీ పైథాన్‌లో గానీ ఒకసారి రాసుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది. అది కూడికతో పాటు మరో మూడు పనులు చేసేలా తప్పక చూసుకోవాలి. ఎన్ని ఫైళ్లు చూసిందో, వాటిలో ఎన్నింటి నిడివి దొరికిందో, దొరకనివాటి పేర్లేమిటో అది చెప్పాలి. నిడివి రాసి లేని ఫైల్‌కు ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ సంఖ్యకు బదులు ‘లభ్యం కాదు’ అని అర్థమిచ్చే గుర్తు ఇస్తుంది. కొన్ని కూడిక ప్రోగ్రాంలు ఆ గుర్తును సున్నాగా మింగేస్తాయి. తొందరలో రాసుకున్న స్క్రిప్టుల్లో నేను తరచుగా చూసే లోపం ఇది, సాధనం నిజాయితీగా చెప్పిన మాట మన కూడికలో మాయమవుతుంది. ‘64లో 61 ఫైళ్ల మొత్తం ఇది, మిగిలిన మూడు ఇవి’ అని చెప్పే స్క్రిప్ట్ ఉంటే, బిల్లు రాసేవారు ధైర్యంగా ఆ అంకెను కాగితం మీద పెట్టగలరు.

విండోస్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేని కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి, విండోస్‌తోనే వచ్చే, ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్ ఉంది. ఎక్స్‌ప్లోరర్ చదివే నిడివినే అది కూడా చదవగలదు. ఆ విలువ 100 నానోసెకన్ల కొలతలో ఉంటుంది కాబట్టి, కోటితో భాగిస్తే సెకన్లు వస్తాయి. ఎక్స్‌ప్లోరర్‌కు అర్థం కాని ఫైళ్లు దీనికీ అర్థం కావు, కానీ ఖాళీగా వచ్చిన ఫైళ్ల పేర్లను జాబితాగా రాయించుకునే వీలు ఇక్కడ ఉంది.

కూడికలో దొర్లే తప్పులు

నిడివులను స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి కూడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎక్సెల్‌కూ, లిబ్రేఆఫీస్ క్యాల్క్‌కూ సమయం అంటే రోజులో ఒక భాగం. మామూలు సమయ ఫార్మాట్‌లో 24 గంటలు దాటగానే ఒక రోజు లోపలికి వెళ్లిపోయి మిగిలిన గంటలే కనిపిస్తాయి. 31 గంటల 20 నిమిషాల మొత్తం 7 గంటల 20 నిమిషాలుగా తెరమీద నిలబడుతుంది. ఆ గడి ఫార్మాట్‌లో గంటల అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెడితే పూర్తి గంటలు వస్తాయి. అన్నిటినీ సెకన్లలోకి మార్చి కూడి, చివర్లో 3600తో భాగించడం ఇంకా నమ్మకమైన దారి.

నాలుగైదు ఫైళ్లే అయితే సాధనమే అక్కరలేదు. 58 నిమిషాల 47 సెకన్లు, 1 గంట 12 నిమిషాల 30 సెకన్లు, 49 నిమిషాల 55 సెకన్లు, 1 గంట 3 నిమిషాల 20 సెకన్లు ఉన్నాయనుకుందాం. సెకన్లు విడిగా కూడితే 152, అంటే 2 నిమిషాల 32 సెకన్లు. నిమిషాలు 122కు ఈ రెండూ చేరితే 124, అంటే 2 గంటల 4 నిమిషాలు. గంటలు రెండింటికి మరో రెండు. మొత్తం 4 గంటల 4 నిమిషాల 32 సెకన్లు. ఇంతకు ఒక ప్రోగ్రాం వెతుక్కోవడం కాలహరణం.

ఫైళ్లు చిన్నవిగా, ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం సెకను కింది భాగాలను వదిలేయకూడదు. ఒక్కో క్లిప్‌లో సగటున అర సెకను వదిలేస్తే 240 క్లిప్‌లకు రెండు నిమిషాలు తగ్గుతాయి. ఎడిటింగ్‌లో ఇలాంటిదే మరొకటి ఉంది. సెకనుకు 29.97 ఫ్రేముల వీడియోను ‘30’గా భావించి ఫ్రేముల సంఖ్య నుంచి నిడివి లెక్కిస్తే, ప్రతి గంటకు 3.6 సెకన్లు తక్కువ వస్తుంది. 40 గంటల ఫుటేజీకి అది 2 నిమిషాల 24 సెకన్లు. విద్యార్థికి ఈ తేడాతో పని లేదు. ప్రసారానికి కార్యక్రమం సిద్ధం చేసేవారికి మాత్రం ఇది అడ్డొస్తుంది. అలాంటివారు ఫ్రేముల లెక్కతో కాకుండా తమ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్‌లోనే ఫైళ్లను వరుసగా పేర్చి, అది చూపే మొత్తాన్ని తీసుకోవాలి. చిత్రం కంటే ధ్వని కొంచెం పొడవుగా ఉన్న ఫైళ్లలో ఏది లెక్కలోకి వస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది.

నిడివి చెప్పని ఫైళ్లను ఏం చేయాలి?

ఏ సాధనం ఎంచుకున్నా చివరికి ఒకటి రెండు మొండి ఫైళ్లు మిగులుతాయి. నిడివి రాసి లేని వెబ్‌ఎం ఫైల్‌ను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో, చిత్రాన్ని, ధ్వనిని తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు మరో ఫైల్‌లోకి కాపీ చేయిస్తే, కొత్త ఫైల్‌లో నిడివి చేరుతుంది. నాణ్యత తగ్గదు, పనికి పట్టే సమయం కూడా తక్కువే. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ చెప్పే నిడివి నమ్మశక్యంగా లేకపోతే, ఫైల్‌ను ఎక్కడా రాయకుండా మొదటి నుంచి చివరి వరకు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో చదివిస్తే ముగింపులో అది చూపే సమయం మొదటి, చివరి కాలముద్రల తేడా మీద కాక అసలు డేటా మీద ఆధారపడి ఉంటుంది. మధ్యలో కరెంటు పోయో, బ్యాటరీ అయిపోయో ఆగిపోయిన ఎంపీ4 రికార్డింగుల సంగతి వేరు. చాలా సందర్భాల్లో ‘మూవ్’ భాగం రికార్డింగ్ ముగిశాకే రాస్తారు కాబట్టి అవి అసలు తెరుచుకోవు. వాటిని ముందు మరమ్మతు చేయాలి, అంతవరకు లెక్కలోంచి విడిగా ఉంచి, ఆ సంగతి మొత్తం పక్కనే రాసిపెట్టాలి.

ఫైళ్లను అప్‌లోడ్ చేస్తే మొత్తం చెబుతామనే ఆన్‌లైన్ సేవల జోలికి వెళ్లవద్దని చెబుతాను. కంటెయినర్‌లోని చిన్న భాగం చదివితే తెలిసే విషయం కోసం గిగాబైట్ల కొద్దీ డేటా పంపడం వృథా, పైగా ఇతరుల ఫుటేజీ మీ చేతిలో ఉన్నప్పుడు దాన్ని బయటికి పంపే హక్కు మీకు ఉండకపోవచ్చు.

ఇక చదువు కోసం లెక్కించేవారికి మొత్తం చేతికొచ్చాక మరో భాగహారం మిగిలి ఉంటుంది. వీడియోను 1.5 రెట్ల వేగంతో చూస్తే 36 గంటలు 24 గంటలవుతాయి, 1.25 రెట్లతో అయితే 28 గంటల 48 నిమిషాలు. దీనికి ఆపి రాసుకునే సమయాన్ని విడిగా కలుపుకోవాలి. మొదటి రెండు మూడు పాఠాలకు అసలు ఎంత పట్టిందో గడియారం చూసి రాసుకుంటే, మిగిలినవాటికి అదే నిష్పత్తి వాడవచ్చు.